సంపాదనయు సంపాదకత్వమును

కాకసస్ పర్వతముల పాదమున, నల్లసముద్రమునకు తూర్పుతీరమున, జార్జియా యను ప్రాచీన దేశ మొకటి కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆగ్నేయదిశను అదే పేరుగల రాష్ట్రము మరియొకటి కలదు. దానికి రాజధాని అట్లాంటా. మొదటి జార్జియా చరిత్రమును గూర్చి వెలువడిన యొక పుస్తకము అట్టమీద రెండవ జార్జియాలోని అట్లాంటా నగరపు ఆకాశహర్మ్యముల బొమ్మ ముద్రితమై యుండెను. ఇది ముద్రాపకుల చేతిలో అప్పుడప్పుడు దొరలు సామాన్యప్రమాద మనుకొని పుట త్రిప్పివేయవచ్చును. కాని ఒక్క నిమిషము నిలిచి యోచించినచో ఆ బొమ్మ వెనుక ఒక పెద్ద సంగతి యున్నదని తెలియును. లోపల నేమి వ్రాసియున్నదో చదివిన మనుష్యుడు ఒక్కడైన ఆ అట్టను చూచియుండినచో ఆ బొమ్మ అక్కడ నిలిచియుండదు. పుస్తకము పుట్టినది, దానికొక సంఖ్య వచ్చినది, వెల నిర్ణయమైనది, అంగడి కెక్కినది. ఇంత జరుగువరకు దానిని చదివినవా డొక్కడును లేడు. కొన్న పాఠకుడే దానికి మొదటి పాఠకుడు.

ఇట్టి పుస్తకములు ఒకటి రెండు కావు, వేలకొలది కలవు. జర్మనీ దేశమున 2002లో స్థాపితమై, తరువాత సార్‌బ్రూకెన్ పట్టణము కేంద్రముగా పనిచేసిన వీ.డీ.ఎం. అను ప్రచురణసంస్థ ఆల్ఫాస్క్రిప్ట్, బీటాస్క్రిప్ట్ మున్నగు ముద్రానామములతో 2009 ప్రాంతమునుండి ఈ వ్యాపారమును విస్తారముగా సాగించెను. అమెరికాలో బుక్స్ ఎల్.ఎల్.సి. అను మరియొక సంస్థయు ఇట్టి పనినే చేసెను. ఈ పుస్తకములలోని వ్యాసములన్నియు ఇంటర్నెట్టున ఎవరైనను, ఎప్పుడైనను, కానీ ఖర్చు లేకుండ చదువుకొనదగిన వికీపీడియానుండి తీసికొన్నవి. ఆల్ఫాస్క్రిప్ట్ పుస్తకముల అట్టమీద ముగ్గురు సంపాదకుల పేర్లుండును. విచిత్రమేమనగా భౌతికశాస్త్రమైనను, మధ్యయుగపు యుద్ధమైనను, ఎవరు నెరుగని రైల్వేస్టేషనైనను, వేలకొలది పుస్తకములకు ఆ ముగ్గురే సంపాదకులు. నూరు పుటలు నిండని పలుచని పొత్తమునకు నలువది, ఏబది డాలర్ల వెల యుండుటయు కలదు.

ఇది చట్టమునకు విరుద్ధమా యని పాఠకుడు మొట్టమొదట నడుగును. కాదు. ఈ సమాధానము చాలమందికి ఆశ్చర్యమును, కొందరికి ఆగ్రహమును కలిగించును గాని, దాని కారణమును తెలిసికొనుట అవసరము. 2001 జనవరి 15వ తేదీన జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ అనువారు ప్రారంభించిన వికీపీడియా కేవలము ఉచితమైన గ్రంథము కాదు, అది స్వేచ్ఛాగ్రంథము. ఈ రెంటికిని చాల భేదమున్నది. చలివేంద్రమున నీ రుచితము. దాహమైనవాడు త్రాగవచ్చును గాని కుండ నెత్తికొని పోరాదు. ఏటిలోని నీరు స్వేచ్ఛాజలము. త్రాగవచ్చును, మోసికొని పోవచ్చును, కావడితో ఇంటింటికి తెచ్చిపోసి మోతకూలి పుచ్చుకొనవచ్చును. వికీపీడియా ఏటినీటివంటిది. తొలుత గ్నూ స్వేచ్ఛాపత్ర లైసెన్సు క్రిందను, 2009నుండి ప్రధానముగా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు క్రిందను అందలి రచనలు లోకమున కీయబడినవి. ఆ లైసెన్సు ప్రకారము ఎవరైనను ఆ రచనలను ప్రతి చేయవచ్చును, మార్చవచ్చును, అచ్చొత్తించి అమ్మవచ్చును. షరతులు ముఖ్యముగా రెండే: వ్రాసినవారి కర్తృత్వమును గుర్తింపవలెను, మార్చి పంచునెడల దానిని సైతము అదే స్వేచ్ఛతో లోకమున కొసగవలెను. అమ్మకూడదను నిషేధ మందులో లేకుండుట పొరపాటున జరిగినది కాదు. ఇంటర్నెట్టు చేరని పల్లెటూరి బడికి అచ్చుప్రతి చేరవలెనన్న ఎవడో ఒకడు కాగితము కొనవలెను, కూలి యీయవలెను, బండి కట్టవలెను. వాని కష్టమునకు ప్రతిఫలము నిషేధించినచో ఆ ప్రతి అక్కడకు చేరనే చేరదు. ఆ దూరదృష్టితోనే ద్వారము తెరచి యుంచిరి.

ఐనచో ఈ పుస్తకము లెట్లు తయారగును? దీనిని మన కళ్లయెదుటి విషయముతో ఊహించి చూతము. వికీపీడియాలో కొల్లేటి సరస్సును గూర్చిన వ్యాసము కలదు. ఆ వ్యాసములో నీలిరంగు అక్షరములతో కనబడు పదము లన్నియు ఇతరవ్యాసములకు దారులు: ఏలూరు, బుడమేరు, గూడబాతు, చిత్తడినేలల సంరక్షణకై దేశములు చేసికొన్న రాంసర్ ఒడంబడిక, ఇత్యాదులు. ఒక యంత్రమునకు “కొల్లేరు” అని చెప్పినచో, అది ఆ వ్యాసమును మొదట పెట్టి, దానినుండి బయలుదేరు దారులవెంట పోయి, దొరకిన వ్యాసములను ఒకదాని ప్రక్క నొకటి పేర్చి, పుటలు చాలినన్ని కాగానే నిలిచిపోవును. “కొల్లేరు: ఏలూరు, బుడమేరు, గూడబాతు, రాంసర్ ఒడంబడిక” అని కామాలతో అల్లిన పేరు దానికి పడును. లోపల కొల్లేటిని గూర్చి పది పుటలుండవచ్చును. మిగిలిన పుటలలో గూడబాతుల జాతిభేదములును, పశ్చిమాసియాలో ఆ ఒడంబడిక జరిగిన నగరపు వర్ణనమును నిండియుండవచ్చును. కొల్లేటిలో చేపలచెరువుల తగాదా ఎట్లు పెరిగినదో, వలసపక్షులు ఏ కాలమున ఎక్కడ దిగునో వరుసగా చెప్పవలెనన్న బుద్ధి ఆ కూర్పులో ఎక్కడను పనిచేసియుండదు. తెరమీద వేలు తాకినంతనే తలుపు తెరచు నీలియక్షరములు, కాగితముమీద ఎటును దారితీయవు.

ఇక అచ్చు సంగతి. పూర్వకాలపు ప్రచురణకర్త వేయి ప్రతులు అచ్చొత్తించి, అవి అమ్ముడు పోవువరకు గోదాములో చెదలనుండి కాపాడుకొనవలసియుండెను; కనుక కొనువా రుందురో లేరో యని పదిమార్లు యోచించి గాని వ్రాతప్రతిని ముద్రణాలయమునకు పంపెడివాడు కాడు. ఆ భయమే ఒక విధమైన వడపోతగా నుండెను. గత శతాబ్దాంతమున డిజిటల్ ముద్రణ వచ్చినతరువాత, కొనువాడు సొమ్ము చెల్లించిన పిమ్మట ఒక్క ప్రతిని మాత్రము అచ్చొత్తి పంపు పద్ధతి సాధ్యమయ్యెను. ఇందులో గోదాము లేదు, నిలువసరుకు లేదు, నష్టభయము లేదు. అంగడి జాబితాలో కనబడు పుస్తకము నిజమునకు పుస్తకము కాదు. అడిగినచో పుట్టగల పుస్తకముయొక్క పేరు మాత్రమే. లక్ష పేర్లు జాబితాలో నుంచుట కగు వ్యయము అత్యల్పము. పేరు కొక్క ప్రతి అమ్ముడైనను లాభమే.

అప్రసిద్ధ విషయములే వీరికి ప్రియమగుటకు కారణ మిక్కడ దొరకును. గాంధీమహాత్ముని గూర్చి పుస్తకము కావలసినవానికి ఉత్తమగ్రంథములు వందలు కలవు. ఈ పలుచని పొత్తమువైపు వాడు చూడడు. కాని ఏ మూలనో నిలిచిపోయిన ఒక ట్రామ్ మార్గమునో, లుప్తమైన భాషనో, ఒక చిన్న ద్వీపపు పోస్టల్ చరిత్రమునో జీవితమంతయు వెదకువాడు ఒక డుండును. వాని విషయముపై లోకములో పుస్తకము లేదు. ఒకనాడు అంగడిలో వెదకగా, ఆ పేరుతోనే, ముగ్గురు సంపాదకులతో, పుస్తకసంఖ్యతో ఒక గ్రంథము కనబడును. ఇన్నాళ్లకు తనవంటి వా రొకరు దొరకిరని వాని హృదయ ముప్పొంగును. వెల యధికమైనను వెనుదీయడు. పొట్లము విప్పి చూడగా, ఒకప్పుడు తానే వికీపీడియాలో వ్రాసిన వాక్యములే తనకు ఎదురగుటయు సంభవము. ఈ వ్యాపారమునకు నిజమైన మూలధనము కాగితము కాదు, యంత్రము కాదు. ఏకాకియైన జిజ్ఞాసువుయొక్క ఆశ.

వికీపీడియాను గూర్చిన సంగతి అట్టపై ఉండనే యుండునే, ఇక మోసమేమి యని వాదించువా రుందురు. మాట నిజమే, కొన్ని అట్టలమీద ఆ మాట అచ్చువేసియే యుండెను. కాని దూరమునుండి కొనువానికి కనబడునది అంగడివారి జాబితాలోని పేరు, సంపాదకుల పేర్లు, వెల. “సంపాదకుడు” అను మాటకు లోకములో ఒక అర్థమున్నది. ఆ మాట చూచి కొన్నవాడు, ఒక విద్వాంసుడు ఈ విషయమును చదివి, సత్యాసత్యములు విచారించి, క్రమము కల్పించి తన చేతి కిచ్చినాడని నమ్మును. వ్యాసము లుచితముగా దొరకునవే గనుక, వ్యాసములకు వాడు వెల చెల్లించుట లేదు, సంపాదకత్వమునకు చెల్లించుచున్నాడు. ఆ పుస్తకములో లేనిది సరిగా అదియే. చట్టము వ్యాసములను మాత్రమే చూచును. ధర్మము కొన్నవాని నమ్మకమును గూడ చూడవలసియున్నది.

ఒకరి రచనను వేరొకరు గ్రంథస్థము చేయుట మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. అందు పాటింపవలసిన మర్యాదయు క్రొత్త కాదు. నన్నయభట్టు విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించినపుడు తన ప్రభువునకు గాక, నన్నయకు ప్రభువైన రాజరాజనరేంద్రునికే దాని నంకిత మొనర్చి, తన ప్రతిభను పూర్వకవి కీర్తిలో కలిపివేసెను. పోతన భాగవతములో లోపించిన స్కంధములను గంగన, సింగన, నారయ అనువారు పూరింపగా, ఆయా భాగములు నేటికిని వారి వారి పేరులతోనే నిలిచి, ఎవరు వ్రాసినది వారిదిగా తెలియుచున్నది. ఆశ్వాసాంతమున కవి తన పేరును, తండ్రి పేరును చెప్పుకొను గద్య అలంకారమాత్రము కాదు. ఈ మాటలకు నేను బాధ్యుడనని లోకముయెదుట చేసిన సంతకము.

వికీపీడియాలో సైతము ఆ సంతకమున్నది. ప్రతి వ్యాసమునకు పైన “చరిత్ర” అను తలుపొకటి యుండును. దానిని తెరచినచో ఏ వాడుకరి ఏ దినమున, ఏ నిమిషమున, ఏ అక్షరమును చేర్చెనో, ఏది తొలగించెనో సమస్తమును కనబడును. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టినది. నాటినుండి ఉపాధ్యాయులు, ఉద్యోగవిరమణ చేసినవారు, విద్యార్థులు, పరదేశములలో నున్న తెలుగువారు రాత్రివేళ పని ముగించుకొని వచ్చి ఒక్కొక్క గ్రామమును గూర్చి, ఒక్కొక్క మరచిన కవిని గూర్చి వ్రాసినారు. వారు సొమ్ము కోరలేదు. తమ మాట మరియొకడు అమ్ముకొనవచ్చునని తెలిసియే వ్రాసిరి. వారు కోరిన ప్రతిఫల మొక్కటే, పేరు. అదియు చాలమంది విషయమున కలముపేరు మాత్రమే.

ఆ ఋణమును గౌరవించి అచ్చువేసినవారును కలరు. 2008లో జర్మనీలో బెర్టెల్స్‌మన్ సంస్థ జర్మను వికీపీడియానుండి జనులు మిక్కిలిగా వెదకిన విషయములను ఎన్ని, సంక్షేపించి, ఒక్క సంపుటముగా వెలువరించెను. ఆ వ్యాసములలో పాలుపంచుకొన్న వేలాదిమంది పేర్లను చిన్నయక్షరములతో అందే ముద్రించెను. అమ్ముడైన ప్రతి కొక యూరో చొప్పున అచ్చటి వికీమీడియా సంఘమున కొసగుట కొప్పుకొనెను. పీడియాప్రెస్ అను మరియొక జర్మను సంస్థ, పాఠకుడే తనకు వలసిన వ్యాసములను ఏరుకొని తన పుస్తకమును తానే కూర్చుకొనగా, దానిని అచ్చొత్తి పంపు ఏర్పాటును వికీమీడియా ఫౌండేషనుతో ఒడంబడిక చేసికొని నడపెను. అక్కడ కొనువానికి తానేమి కొనుచున్నాడో ముందే తెలియును, ఎన్నిక వానిదే.

వీరందరిలో నా మనస్సును మిక్కిలి కదలించినది 2015లో న్యూయార్కు నగరమున మైకేల్ మాండిబర్గ్ అను కళాకారుడు చేసిన పని. ఆయన ఆంగ్ల వికీపీడియా నంతటిని ముద్రణయోగ్యమైన సంపుటములుగా మార్చెను. వ్యాసములు 7,473 సంపుటము లయ్యెను. విషయసూచిక 91 సంపుటములు. ఆ వ్యాసములను వ్రాసిన, దిద్దిన సుమారు 75 లక్షలమంది పేర్లు మాత్రమే 36 సంపుటములు. అన్నిటిని అచ్చొత్తుట ఆయన ఉద్దేశము కాదు, కొన్నింటినే ముద్రించి ప్రదర్శించెను. అది కళాప్రదర్శనము, వ్యాపారగ్రంథము కాదు. అయినను ఆ 36 సంపుటములు నాకు ఈ విషయమున ధర్మశాస్త్రమువలె తోచుచున్నవి. పేర్లు ఎన్ని లక్షలైనను, వానిని చెప్పవలెనన్న సంకల్పమున్నచో చోటు దొరకునని అవి చాటుచున్నవి.

ఈ పుస్తకముల వలన కొన్నవాని ధనమునకే గాక జ్ఞానమునకును హాని కలదు. వికీపీడియా జీవగ్రంథము, నేడు దొరలిన తప్పును రేపెవరో దిద్దుదురు. కాని ఏ దినమున యంత్రము వ్యాసమును తీసికొనెనో ఆ దినపు తప్పు కాగితముమీద గడ్డకట్టి నిలిచిపోవును. అటుపిమ్మట మరియొక ప్రమాదము. 2009 ఫిబ్రవరిలో జర్మనీలో గుటెన్‌బర్గ్ అను యువకుడు ఆర్థికశాఖకు మంత్రి యయ్యెను. ఆయన పూర్తి పేరు చాల దీర్ఘము. ఆ పేర్ల వరుసలో ఎవరో “విల్‌హెల్మ్” అని లేని పేరు నొకదానిని వికీపీడియాలో చేర్చిరి. పత్రికలు దానిని చూచి అచ్చువేసెను. ఆధారమేది యని వికీపీడియాలో అడుగగా, ఆ పత్రికలే ఆధారములుగా చూపబడెను. అసత్యము అద్దములో తన ప్రతిబింబమును చూపి, అదిగో సాక్షి యన్నట్లయ్యెను. దినపత్రిక కే ఇంత బలమున్నప్పుడు, పేరును, సంఖ్యయు, సంపాదకులును గల పుస్తకము సాక్ష్యము చెప్పినచో ఎవ డనుమానించును? అందుచేతనే ఇట్టి పుస్తకములను ఆధారములుగా చూపరాదని వికీపీడియా రచయితలు నియమము చేసికొనిరి. తన మాటకు తానే సాక్షి యగుట ఏ న్యాయస్థానమునను చెల్లదు గదా.

ఇప్పుడు మన యింటివైపు చూతము. తెలుగున ఆధునిక విజ్ఞానసర్వస్వమునకు ఆద్యుడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిన ఆ మహనీయుడు, అటుపై కొలది యేండ్లకు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును తలపెట్టెను. ఆయనకు యంత్రము లేదు. నీలియక్షరముల దారులు లేవు. శాసనములు చదివించి, పండితులచేత వ్రాయించి, తాను వ్రాసి, తెలుగున లేని శాస్త్రపదములను వెదకి, ఒక్కొక్క వ్యాసమును త్రాసులో తూచినట్లు తూచి ప్రకటించెను. 1923లో ఆయన కన్నుమూయునాటికి వెలువడిన సంపుటములు మూడు. అవియు అకారముతో మొదలగు విషయములను దాటలేదు. వర్ణమాలలో మొదటి అక్షరమువద్దనే ఒక జీవితము ముగిసెను. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. ఒక అక్షరమునకు ఒక ఆయువు ఖర్చైనదని తెలిసినవానికి, ముగ్గురి పేరుమీద వేల గ్రంథములన్న మాట ఎంత బోలుమాటయో వేరుగ చెప్పనక్కరలేదు.

మన భాషలో సంపాదన యన్నను, సంపాదకత్వ మన్నను ధాతువొక్కటే. సంస్కృతమున సంపాదించుట యనగా ఒక కార్యమును సమకూర్చి సిద్ధింపజేయుట. తెలుగునకు వచ్చినతరువాత ఒక కొమ్మ ధనార్జనవైపు, మరియొక కొమ్మ గ్రంథపరిష్కరణమువైపు సాగెను. కొమఱ్ఱాజువారియందు రెండవ కొమ్మ ఫలించినది. ఈ పుస్తకముల అట్టమీద రెండవ కొమ్మ పేరు వ్రాసి, మొదటి కొమ్మ ఫలమును కోసికొనుచున్నారు. సంపాదనము దోషము కాదు. కావడి మోసినవానికి కూలి న్యాయమే. మోయని కావడికి కూలి యడుగుట న్యాయము కాదు.

పాఠకుడు చేయదగిన పని కష్టమైనది కాదు. పుస్తకము పేరు కామాలతో సంబంధములేని మాటల వరుసగా నున్నను, అవే సంపాదకుల పేర్లు అన్ని శాస్త్రములందును కనబడినను, పీఠిక లేకున్నను, అట్టమీది బొమ్మకు విషయమునకు పొత్తు కుదురకున్నను, కొనుటకు ముందు ఆ విషయమును వికీపీడియాలో నొకమారు వెదకి చూడవలెను. గ్రంథాలయములకు పుస్తకము లెన్నువారు ఈ జాగ్రత్తను మరింత పాటింపవలెను; వారు వెచ్చించునది ప్రజల సొమ్ము. ఇక తెలుగున వికీపీడియా వ్యాసములతో పుస్తకములు వేయదలచినవారు వెనుదీయ నక్కరలేదు. మన జిల్లాల చరిత్రలు, గ్రామముల సంగతులు, శాస్త్రవిషయములు అచ్చులో పల్లెబడికి చేరుట శుభమే. ఒక మనిషి కూర్చుండి వానిని చదువవలెను, తప్పులు దిద్దవలెను, క్రమము కల్పింపవలెను, మొదటి పుటలోనే ఇవి ఎక్కడివో చెప్పి, కడపటి పుటలలో వ్రాసినవారి పేర్లు వేయవలెను. అప్పుడా పుస్తకమునకు వెల పెట్టవచ్చును, సంపాదకుడని పేరును వ్రాసికొనవచ్చును. ఆ పేరు క్రింద నున్నవాడు పుస్తకమును కనీస మొకసారి చదివియుండును గనుక, కాకసస్ పర్వతముల కథకు అట్లాంటా మేడల బొమ్మ అంటుకొనదు. కొన్న పాఠకుడు దానికి మొదటి పాఠకుడు కాడు.